ఉచితమైన కంటెయినరు పనిముట్టు

ఖమ్మము నుండి కొత్తగూడెము మీదుగా భద్రాచలమునకు పోవునప్పుడు అడవి దట్టమైనకొలది ఫోనులో సిగ్నలు సన్నగిల్లుట ఆ త్రోవన తిరిగినవారెరుగుదురు. అట్టి సీమలో కూర్చుండి సాఫ్టువేరు వ్రాయు యువజనుల కొఱకు ఈ ప్రసంగము.

తునికాకు కోతకు పోవువారు సద్దిమూట కట్టుకొని పోవుదురు. అడవిలో ఉప్పు దొరకునా, పచ్చడి దొరకునా యను చింత వారికి లేదు. అట్లే ఒక ప్రోగ్రామును, దానికి వలసిన లైబ్రరీలతోను అమరికలతోను కలిపి మూటగట్టవచ్చును. ఆ మూటకు ఇమేజి యనియు, విప్పి నడుపునప్పుడు దానికే కంటెయినరనియు పేరు. 2013లో డాకర్ వెలువడిన పిదప ఈ పద్ధతి లోకమంతట వ్యాపించెను. ఇట్టి మూటలను మన లాప్‌టాపుపై కట్టుటకును నడుపుటకును డాకర్ డెస్క్‌టాప్, రాంచర్ డెస్క్‌టాప్, పాడ్‌మన్ డెస్క్‌టాప్ మున్నగునవి కలవు.

వీనిలో దేనిని గైకొనవలెను? అన్నియు ఉచితమే యందురు. చిక్కంతయు ఆ మాటలోనే యున్నది. 2021 ఆగస్టులో డాకర్ డెస్క్‌టాప్ షరతులు మారినవి. సొంత వాడుకకును, విద్యకును, వాణిజ్యము కాని ఓపెన్ సోర్స్ పనులకును అది ఉచితము. సంస్థలకైనచో ఉద్యోగులు 250 మందికి లోపును, సాలుసరి ఆదాయము కోటి డాలర్లకు లోపును ఉండవలెను. ప్రభుత్వ కార్యాలయములు మాత్రము రుసుము చెల్లింపవలసినదే. ఈ కడపటి షరతును పట్టణములలోని వారు అంతగా గమనింపరు. భద్రాచలమున గమనింపక తీరదు. అక్కడ గిరిజనాభివృద్ధి సంస్థ మొదలు మండల కార్యాలయము వరకు, సాఫ్టువేరు కోరువారిలో సర్కారుదే ముందు వరుస.

గోదావరి మట్టమును నమోదుచేయు ప్రోగ్రామొకటి మీరు వ్రాసితిరనుకొనుడు. భద్రాచలమున 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటెను. ఇంటివద్ద నేర్చుకొనునంతకాలము ఏ పనిముట్టయినను చెల్లును. కార్యాలయమువారు దానిని తమ యంత్రములపై సరిదిద్దుకొనబూనిననాడు రుసుము ప్రశ్న వచ్చును. (లినక్సుపై నడచు డాకర్ ఇంజిను నేటికిని ఓపెన్ సోర్సే, పేచీ డెస్క్‌టాపుతోనే.)

రాంచర్, పాడ్‌మన్ డెస్క్‌టాపులు రెండును అపాచీ 2.0 లైసెన్సు క్రింద వెలువడినవి. మీ ఆదాయమెంత, మీరు సర్కారువారా యని ఆ లైసెన్సు అడుగదు. రాంచర్ కుబర్నెటీసును వెంటబెట్టుకొని వచ్చును. అక్కరలేనివారు దానిని ఆపివేయవచ్చును. నా మట్టుకు పాడ్‌మన్‌నే యెంచుకొందును. నిరంతరము మేల్కొనియుండు డీమను దానికి లేదు. రూటు అధికారము లేకయే కంటెయినర్లను నడుపును. లోపమును చెప్పవలెను గదా: పలు కంటెయినర్లను ఒక్కసారి నడుపు కంపోజు సాధనమును వేరుగా చేర్చుకొనవలెను.

విండోసుపై, మాకుపై ఇవన్నియు లోలోపల లినక్సు నొకదానిని నడుపునవే. ఎనిమిది జీబీల మెమరీ గల లాప్‌టాపున దానికి హద్దు పెట్టుకొనుడు. మీది లినక్సయినచో కమాండు లైనులో పాడ్‌మన్ ఒక్కటియే చాలును.

ఇక నెట్టు సంగతి. ఖమ్మమునకు వచ్చినప్పుడే వలసిన ఇమేజిలను దింపుకొని, సేవ్ అను కమాండుతో ఫైలుగా మార్చి పెన్‌డ్రైవున వేసికొనుడు. ఊరు చేరిన పిదప లోడ్ అను కమాండుతో ఎక్కించుకొనవచ్చును. అయితే బయలుదేరుటకు ముందే ప్రాసెసరు జాతిని చూచుకొనుడు. ఆర్మ్ యంత్రమునకై కట్టిన మూట ఇంటెల్ యంత్రముపై సాధారణముగా నడువదు.