తాత చేను

పుంగనూరు దగ్గర మన రైతు తాతను సమాధి చేసి నెల దాటింది. ఆయన లూథరన్ విశ్వాసి. 1842లో గుంటూరుకొచ్చిన ఫాదర్ హేయర్ కథ మా హాస్టల్ పిల్లలకు చెప్పేవారు. మాకు ఎక్కువ గుర్తుండేది మాత్రం ఆయన టమోటాలే. మదనపల్లె మార్కెట్లో ఆటో బాడుగ కూడా రాని రోజు, పారబోయకుండా క్రేట్లు మా వంటగది ముందు దింపేవారు. కోత పండుగకు మాత్రం మచ్చ కాయ ఒక్కటీ గుడికి తీసుకెళ్లేవారు కాదు.

ఆయన పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగులు దాటదు గానీ, కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వదు!

కుప్పం తండాల నుంచి వచ్చి మా దగ్గర చదివిన పిల్లలే పెట్టె మోశారు. కొడుకులు బెంగళూరులో ఉన్నారు. ఎకరంన్నర చేను బీడుగా ఉంది, శనక్కాయ విత్తే అదును జారిపోతోంది. ఆదివారం ఆరాధన అయ్యాక మేం పోతున్నాం. పార, కొడవలి ఉన్నవాళ్లు తెచ్చుకోండి.