పీటర్‌మారిట్జ్‌బర్గ్: మూడు పౌండ్ల ఊరు

ఇవాళ్టి ఊరు పీటర్‌మారిట్జ్‌బర్గ్. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నటాల్ రాష్ట్రానికి రాజధాని, డర్బన్ నుంచి ఓ ఎనభై కిలోమీటర్లు లోపలికి. గాంధీగారిని 1893 జూన్‌లో రైల్లోంచి దింపేసిన స్టేషన్ ఈ ఊళ్ళోదే. ఆ కథ మీకు తెలిసిందే కాబట్టి వదిలేస్తాను. నేను చెప్పాలనుకున్నది కాంట్రాక్టు మీద వచ్చిన మన కూలీల సంగతి.

1838లో బోయర్లు, అంటే డచ్ సంతతి రైతులు, ఈ ఊరు కట్టుకున్నారు. ఐదేళ్ళకే ఇంగ్లీషువాళ్ళు లాగేసుకుని ఫోర్ట్ నేపియర్ అని కోట వేసి సైన్యాన్ని పెట్టారు. డర్బన్ నుంచి రైలు 1880లో వచ్చింది. ఇక అక్కణ్ణుంచి ఊరు పెరిగింది.

ఈలోపు 1860 నవంబర్‌లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. మద్రాసు ఓడల్లో తమిళులతోపాటు మనవాళ్ళూ ఉండేవారు, విశాఖపట్నం వైపు నుంచి, చిత్తూరు వైపు నుంచి. ఐదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు, తిండి, బస యజమానివి. చెరకు తోటలే కాదు, రైల్వేలోనూ పనిచేశారు.

ఒప్పందం అయ్యాక చాలామంది వెనక్కి వెళ్ళలేదు. కూరగాయలు పండించారు, చిన్న కొట్లు పెట్టారు. తెల్లవాళ్ళకు అది నచ్చలేదు. పని కావాలి గానీ మనిషి ఉండిపోకూడదు! (అకామా, కఫీల్ మాటలతో బతికేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.) 1895లో ఈ రాజధానిలోని చట్టసభే పన్ను వేసింది. ఒప్పందం తీరాక మళ్ళీ కూలికి కుదరాలి, లేదా ఇండియా వెళ్ళిపోవాలి, రెండూ కాదంటే ఏటా మూడు పౌండ్లు కట్టాలి. మొదట అడిగింది ఇరవై అయిదు పౌండ్లట, వైస్రాయ్ ఒప్పుకోలేదు.

లెక్క వేసి చూడండి. పౌండుకి ఇరవై షిల్లింగులు, మూడు పౌండ్లంటే అరవై. నెలకు పది షిల్లింగుల మనిషికి ఆర్నెల్ల జీతం. తర్వాత పదహారేళ్ళు దాటిన మగపిల్లల మీద, పదమూడు దాటిన ఆడపిల్లల మీద కూడా వేశారు. ఇల్లు మొత్తం కలిపితే ఏం మిగులుతుంది? అందుకే చాలామంది మళ్ళీ వేలిముద్ర వేసి కూలికే పోయారు. చట్టం కోరుకున్నదీ అదే.

1913లో గనుల్లో, తోటల్లో పెద్ద సమ్మె లేచింది. 1914లో పన్ను పోయింది.

కానీ ఉండిపోయినవాళ్ళని మళ్ళీ కదిపారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద ఎవరి జాతికి ఏ పేటో గీత గీశారు. భారతీయులకు నార్త్‌డేల్ పేట వచ్చింది. ఇప్పటికీ ఆ ఊళ్ళో మన మూలాలున్న కుటుంబాలు ఎక్కువగా కనిపించేది అటువైపే.

1994 తర్వాత రాజధాని మనదంటే మనదని ఉలుండీకీ ఈ ఊరికీ పదేళ్ళు పోటీ నడిచింది. 2004లో ఇదే ఖాయమైంది. పన్ను చట్టం చేసిన ఆ పాత సభాభవనంలోనే ఇప్పటి శాసనసభ కూర్చుంటోంది. అందులో భారతీయ సంతతి సభ్యులూ ఉన్నారు.