గోదావరి మొగలో ఉప్పు లెక్క

గౌతమి గోదావరి సముద్రంలో కలిసేచోట, అంటే మొగలో, నీటి వేడి, ఉప్పదనం ఏడాది పొడుగునా ఎలా మారతాయో లెక్కగట్టే నమూనాల గురించి ఒక్క మాట గట్టిగా చెప్పదలిచాను. ఈ నదికి సగటు ఏడాది లెక్క పనికిరాదు. వరద చరిత్రతోనే లెక్క మొదలుకావాలి.

ఉష్ణోగ్రత, లవణీయతల స్వభావం ఒకటి కాదు. లోతు తక్కువైన నీరు ఎండకు, గాలికి త్వరగా లొంగుతుంది. వాతావరణ వివరాలు చేతిలో ఉంటే దాని వేడిని బాగానే అంచనా వేయగలం. కిందటి నెల వేడిని అది ఇట్టే మరిచిపోతుంది. ఉప్పు అలా కాదు, ఆవిరై పోదు. వరద తోస్తే బయటికి పోతుంది, పోటు తెస్తే లోపలికి వస్తుంది. అందుకే మార్చిలో యానాం దగ్గర నీరెంత ఉప్పనో తెలియాలంటే, కిందటి వరద ఎప్పుడు తీసిందో ముందు తెలియాలి.

ఎర్రటి వరదనీరు ఉధృతంగా దిగే రోజుల్లో మొగ దాకా మంచినీరే. వరద తీశాక, బరువైన ఉప్పునీరు అడుగు నుంచి ఎగదన్నుతుంది. అప్పుడు పడవలోంచి పరికరం దించితే పైన దాదాపు మంచినీరు, కొద్ది మీటర్ల కింద ఒక్కసారిగా ఉప్పు. ఎగువన ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వదిలే నీరు తగ్గేకొద్దీ ఆటుపోట్లు ఆ రెండు పొరలనూ కలుపుతాయి. ఉప్పు నెలనెలా ఎగువకు పాకుతుంది. 1852లో అక్కడ ఇంజనీరు కాటన్ కట్టించిన ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఈ మొగ రుతువులను వానతో పాటు మనిషి చెయ్యీ నిర్ణయిస్తోంది.

మొగల్లో నీటి రాకపోకలను ఉప్పును బట్టి లెక్కగట్టేందుకు 1900లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు మార్టిన్ నుడ్సెన్ ఇచ్చిన సూత్రం, లోపలికి వచ్చిన ఉప్పూ బయటికి పోయిన ఉప్పూ సరితూగుతాయన్న నమ్మకం మీద నిలిచింది. మన దగ్గర ఆ తూకం కుదిరేలోపే మళ్ళీ వరద వస్తుంది. గోవాలో మాండవి నది మీద జరిగిన పరిశోధనలూ ఇలాంటి స్థితినే చూపాయి.

సముద్రం వైపు హద్దు కూడా స్థిరం కాదు. అక్టోబరు నుంచి తీరం వెంబడి దక్షిణానికి సాగే ప్రవాహం గంగా బ్రహ్మపుత్రల నీటిని మోసుకొచ్చి మన తీరంలో ఉప్పును తగ్గిస్తుంది. ఏడాదంతా సముద్రపు లవణీయత వెయ్యి పాళ్ళకు 35 అనుకుంటే, ఆ నెలల్లో లెక్క తప్పుతుంది.

కాబట్టి నా విన్నపాలు మూడు. బ్యారేజీ నుంచి రోజూ వదిలే నీటి లెక్క పరిశోధకులందరికీ అందాలి. మొగ దగ్గర పైనా, అడుగునా ఏడాది పొడుగునా కొలతలు సాగాలి. ఫలితాలు పరిశోధన పత్రికల్లోనే ఆగిపోకుండా గోదావరి లంకల రైతుకు, రొయ్యల చెరువుల వారికి, చేపల వేటగాళ్ళకు అందాలి. ఏ అమావాస్య పోటుకు ఉప్పు ఏ ఊరి రేవు దాకా వస్తుందో ముందుగా చెప్పగలిగిన నాడే మన నమూనా నెగ్గినట్టు. ఆ పనికి ఈ సభ పూనుకోవాలని కోరుతున్నాను.