మధ్యలో పడే బంతి ఎవరిది?

 

ఈరోజు పట్టా అందుకుంటున్న మీరు ఇన్నేళ్లుగా రాసిన ప్రతి పరీక్షకూ ఒకే నియమం. పక్కవాళ్ల పేపరు చూడకూడదు, మీది వాళ్లకు చూపించకూడదు. హాల్ టికెట్ మీద ఒక్కటే పేరు, మార్కుల జాబితా మీద ఒక్కటే పేరు. ఆ నియమం సరైనదే. ఎవరికి ఎంత వచ్చో తేలాలంటే ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టాల్సిందే. కానీ రేపు మీరు అడుగుపెట్టే ఆసుపత్రిలో, ప్రయోగశాలలో, బడిలో, కంపెనీలో ఏ పనీ ఒక్కరి చేతుల మీదుగా పూర్తికాదు. అక్కడ పక్కవాళ్లు ఏం చేస్తున్నారో చూడకపోవడమే తప్పవుతుంది. ఈ మార్పుకు సిద్ధం చేసే పాఠాలు మన సిలబస్‌లలో చాలా తక్కువ. ఆ పాఠాన్ని ఇరవై ఏళ్లపాటు దేశదేశాల కోర్టుల మీద నేర్చుకున్న హైదరాబాద్ అమ్మాయి ఒకరున్నారు. సానియా మీర్జా డబుల్స్ జీవితం గురించి ఈరోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

సానియా ఆరేళ్ల వయసులో హైదరాబాద్‌లోని నిజాం క్లబ్ కోర్టులో అడుగుపెట్టింది. పిల్ల మరీ చిన్నదని కోచ్ సందేహించాడు. నేర్పాల్సిందేనని తల్లి ఆయనతో గొడవపడింది. 2023 జనవరిలో ఆటకు వీడ్కోలు చెబుతూ రాసిన లేఖను సానియా ఆ సంగతితోనే మొదలుపెట్టింది. పేడతో అలికిన కోర్టుల మీద ఆడుతూ పెరిగామని ఆమె ఎన్నో సందర్భాల్లో చెప్పింది. అంటే ఆమె మొదటి మ్యాచ్ ఆడకముందే ఆమె తరఫున తల్లి ఒక మ్యాచ్ గెలిచిందన్నమాట. మీలో ఎంతమంది వెనుక ఇలాంటి గొడవలున్నాయో ఈ హాలు వెనుక వరుసల్లో కూర్చున్న మీ తల్లిదండ్రులకు తెలుసు.

సానియా పేరు వినగానే చాలామందికి 2005 గుర్తొస్తుంది. ఆ ఏడాది సొంత ఊరు హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచింది. అమెరికన్ ఓపెన్‌లో నాలుగో రౌండుకు చేరింది. 2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకింగ్స్‌లో 27వ స్థానానికి ఎదిగింది. మన దేశంలో ఏ మహిళా అందుకోని స్థానం అది. అయితే అంతకంటే ముందే, 2004లో, ఇదే హైదరాబాద్‌లో లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచిన సంగతి చాలామందికి గుర్తుండదు. ఆమె మొదటి డబ్ల్యూటీఏ టైటిల్ జంటగా గెలిచినదే.

తర్వాత మణికట్టు మొరాయించింది. 2008లో శస్త్రచికిత్స జరిగింది. జుట్టు దువ్వుకోవడానికి కూడా చెయ్యి సహకరించని రోజులు గడిచాయి. మోకాళ్లకూ శస్త్రచికిత్సలు అయ్యాయి. రోజూ ఒక్కతే కోర్టంతా పరుగెత్తే సింగిల్స్‌ను ఆ శరీరం ఇక మోయలేదని తేలాక, 2013 నుంచి ఆమె పూర్తిగా డబుల్స్‌కు మారిపోయింది.

ఈ నిర్ణయం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. టెన్నిస్‌లో డబుల్స్‌కు ప్రైజ్‌మనీ తక్కువ. చాలా మ్యాచ్‌లు పక్క కోర్టుల్లో, కొద్దిమంది ముందు జరుగుతాయి. మరునాటి పేపర్లో సింగిల్స్‌కు ఫొటో పడితే డబుల్స్‌కు ఒక లైను దక్కుతుంది. అయినా ఆమె తన దగ్గర ఏం పోయిందో కాక ఏం మిగిలిందో లెక్క చూసుకుంది. ప్రపంచంలో ఎవరినైనా ఇబ్బందిపెట్టే ఫోర్‌హ్యాండ్ మిగిలింది. ఒత్తిడిలో వెనక్కి తగ్గని స్వభావం మిగిలింది. ఆ రెండూ ఎక్కడ ఎక్కువ పనికొస్తాయో అక్కడికి వెళ్లింది. కోరుకున్న కొలువు, కోరుకున్న విభాగం మీలో అందరికీ దొరకకపోవచ్చు. అప్పుడు మీరు కూడా ఇలాగే లెక్క చూసుకోండి. రెండో దారిని మనసుపెట్టి నడిచినవాళ్లకు అదే ప్రధాన రహదారి అవుతుంది.

ఇక డబుల్స్ ఆట ఎలా ఉంటుందో చూద్దాం. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌కు అది 36 అడుగులవుతుంది. మనుషులు రెట్టింపు అవుతారు, స్థలం మాత్రం తొమ్మిది అడుగులే పెరుగుతుంది. కాబట్టి ఖాళీలు తక్కువ, తడబాటుకు అవకాశం ఎక్కువ. అన్నిటికంటే కష్టమైన బంతి గీత అంచున పడేది కాదు, ఇద్దరి మధ్య నుంచి వెళ్లేది. ఆమె కొడుతుందిలే అని ఈమె, ఈమె కొడుతుందిలే అని ఆమె ఆగిపోతే బంతి ఇద్దరినీ దాటిపోతుంది. ఇద్దరూ ఒకేసారి దూకితే రాకెట్లు ఢీకొంటాయి. అందుకే మంచి జంటలు ఆ బంతి ఎవరిదో ముందే మాట్లాడుకుంటాయి. చివరి క్షణంలో సందేహం వస్తే ఒకరు గట్టిగా ‘నాది’ అని అరుస్తారు. రెండోవారు వెంటనే పక్కకు జరిగి, వెనుక ఖాళీ అయిన చోటును కాపాడతారు. అరిచి కొట్టినదీ ఆటే, జరిగి కాపాడినదీ ఆటే.

నెట్ దగ్గర నిలబడిన క్రీడాకారిణి వీపు వెనుక వేళ్లతో సైగ చేస్తుంది. సర్వ్ ఎటు వేయాలో, తాను ఎటు కదలబోతోందో వెనుక ఉన్న జోడీకి ఆ సైగ చెబుతుంది. టూర్ టోర్నీల డబుల్స్‌లో గేమ్ సమ స్కోరుకు (డ్యూస్) చేరితే ఒకే ఒక్క పాయింట్‌తో తేల్చేస్తారు. మహిళల డబుల్స్‌లో ఆ పాయింట్‌కు సర్వ్ ఎవరు అందుకోవాలో, అందుకునే జంటే నిర్ణయించుకోవాలి. కొన్ని సెకన్లలో ఇద్దరూ చూపులతోనే తేల్చుకుంటారు. ఈ క్షణంలో నీ కంటే నేను మేలు, లేదా నా కంటే నువ్వు మేలు. అహం అడ్డురాకుండా ఆ మాట అనుకోగలగడానికి ఏళ్ల సాధన కావాలి. ఈ సాధన మీకు ఆఫీసు మొదటి రోజు నుంచీ అవసరం.

2015 మార్చిలో సానియా స్విట్జర్లాండ్‌కు చెందిన మార్టినా హింగిస్‌తో జోడీ కట్టింది. హింగిస్ 16 ఏళ్లకే సింగిల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయిన మేటి. ఆటకు దూరమై, మళ్లీ డబుల్స్ కోసం తిరిగి వచ్చింది. నెట్ దగ్గర ఆమె చురుకుదనం, బేస్‌లైన్ నుంచి సానియా ఫోర్‌హ్యాండ్ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్స్‌టన్ అంటూ కలిసి ఆడిన మొదటి మూడు టోర్నీలూ గెలిచారు. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయింది. టెన్నిస్ ర్యాంకింగ్స్‌లో ఆ శిఖరం చేరిన తొలి భారత మహిళ ఆమె.

ఆ జూలైలో వింబుల్డన్ ఫైనల్. ఎదురుగా రష్యా జోడీ మకరోవా, వెస్నినా. మొదటి సెట్ పోయింది. రెండోది టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్‌లో సానియా, హింగిస్ 2-5తో వెనకబడ్డారు. ఇంకొక్క గేమ్ పోతే అంతే. అక్కడి నుంచి 5-5కు తెచ్చారు. వెలుతురు తగ్గడంతో సెంటర్ కోర్ట్ పైకప్పు మూసేవరకూ ఆట ఆగింది. మళ్లీ మొదలయ్యాక ఇద్దరూ వెనుదిరిగి చూడలేదు. 5-7, 7-6, 7-5. ఓడిపోతున్న జంటల్లో తప్పు ఎవరిదన్న లెక్క ముందుగా మొదలవుతుంది. చూపుల్లో విసుగు కనిపిస్తుంది, మాటలు తగ్గిపోతాయి. ఆ సాయంత్రం 2-5 దగ్గర వీళ్ల మధ్య ఆ లెక్క మొదలై ఉంటే ఆ కప్పు దక్కేది కాదు. అదే ఏడాది అమెరికన్ ఓపెన్, 2016 ఆరంభంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా గెలిచారు. వరుసగా 41 మ్యాచ్‌లలో ఈ జంటకు ఓటమి లేదు.

ఇంత గొప్ప జోడీ కూడా 2016 ఆగస్టులో విడిపోయింది. ఫలితాలు మునుపటిలా రావడం లేదనిపించి ఎవరి దారి వారు చూసుకున్నారు. వెంటనే సిన్సినాటి ఫైనల్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలిచారు. కొత్త జోడీ బార్బొరా స్ట్రికోవాతో సానియా గెలిచింది, హింగిస్ జంట ఓడింది. అయితే అదే ఏడాది చివర సింగపూర్‌లో జరిగిన డబ్ల్యూటీఏ ఫైనల్స్‌లో సానియా, హింగిస్ మళ్లీ ఒకే వైపు నిలబడి ఆడారు. మీరు కూడా జట్లు మారతారు. సంస్థలు మారతారు. నిన్నటి సహోద్యోగి రేపు పోటీ సంస్థలో ఎదురుపడవచ్చు, ఎల్లుండి మళ్లీ మీ పక్క కుర్చీలో కూర్చోవచ్చు. విడిపోయేటప్పుడు తలుపు గట్టిగా వేయకండి.

డబుల్స్‌లో ఇంకో విశేషం ఉంది. గెలుపు ఇద్దరిదీ అయినా ర్యాంకు మాత్రం ఎవరిది వారికే ఉంటుంది. జోడీ మారినా మీ పాయింట్లు మీతోనే వస్తాయి. సానియా మిక్స్‌డ్ డబుల్స్‌లో మహేశ్ భూపతితో 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో 2014 అమెరికన్ ఓపెన్ గెలిచింది. అదే 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన తెలుగువాడు సాకేత్ మైనేనితో కలిసి స్వర్ణం తెచ్చింది. భాషలు వేరు, దేశాలు వేరు, ఆటతీరులు వేరు. అన్నిచోట్లా మారనిది ఆమె తెచ్చిన సంసిద్ధత. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు, 43 డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిళ్లు, 91 వారాల నంబర్ వన్ స్థానం ఈ సంసిద్ధతకు దక్కిన ఫలం. జట్టుతో పనిచేయడమంటే మన వంతు కష్టాన్ని జట్టు మీదికి తోసేయడం కాదని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

అన్నీ దక్కాయని చెబితే మీకు అబద్ధం చెప్పినట్టు. ఒలింపిక్ పతకం రాలేదు. 2016 రియోలో రోహన్ బోపన్నతో కాంస్య పతక పోరు దాకా వెళ్లి నాలుగో స్థానంతో తిరిగొచ్చింది. అయినా ఆట ఆపలేదు. 2018 అక్టోబరులో తల్లి అయింది. 2020 జనవరిలో హోబర్ట్‌లో మళ్లీ రాకెట్ పట్టి, నాదియా కిచెనోక్‌తో ఆ మొదటి టోర్నీయే గెలిచింది. టోక్యోలో తన నాలుగో ఒలింపిక్స్ ఆడింది. 2023లో ఆమె చివరి గ్రాండ్‌స్లామ్ మెల్‌బోర్న్‌లో. మిక్స్‌డ్ ఫైనల్ దాకా వెళ్లి ఓడిపోయింది. పక్కన ఉన్నది బోపన్న. పద్నాలుగేళ్ల వయసులో తన మొదటి మిక్స్‌డ్ జోడీ కూడా అతడేనని ఆరోజు కన్నీళ్లతో గుర్తుచేసుకుంది. సరిగ్గా ఏడాదికి అదే మెల్‌బోర్న్‌లో, 43 ఏళ్ల వయసులో, బోపన్న పురుషుల డబుల్స్ గెలిచి నంబర్ వన్ అయ్యాడు. ఒకరికి రావలసినది ఇరవైల్లో వస్తుంది, మరొకరికి నలభైల్లో వస్తుంది. మీ తోటివారి వేగాన్ని చూసి మీ నడకను తప్పుపట్టుకోకండి.

2023 మార్చి 5న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో సొంత ఊరివాళ్ల ముందు ఆమె వీడ్కోలు మ్యాచ్ ఆడింది. అప్పటికే పదేళ్లుగా నగర శివార్లలో ఆమె పేరిట అకాడమీ నడుస్తోంది. ఒకప్పుడు సరైన కోర్టు లేక ఇబ్బందిపడిన అమ్మాయి, తర్వాతి పిల్లలకు కోర్టులు కట్టించింది. జోడీ అంటే మన పక్కన ఉన్నవారే కాదు, మన తర్వాత వచ్చేవారు కూడా.

పట్టభద్రులారా, మీ ముందున్న సమస్యల్లో చాలావరకు మధ్యలో పడే బంతుల్లాంటివే. ఊరి చెరువు పంచాయతీదా, నీటిపారుదల శాఖదా? రోగి ఇంటికి వెళ్లాక మందులు వేసుకుంటున్నాడో లేదో చూడాల్సింది ఆసుపత్రా, కుటుంబమా? బడి మానేసిన పిల్ల టీచరు బాధ్యతా, తల్లిదండ్రుల బాధ్యతా? ఎవరో ఒకరు చూసుకుంటారులే అని అందరూ ఆగిన చోటే మన సమాజం పాయింట్లు పోగొట్టుకుంటోంది. మీరు చదివిన చదువు ఆ చోట్ల ‘నాది’ అని అనడానికి ధైర్యం ఇవ్వాలి. మీకంటే బాగా చేయగలవారు ముందుకొస్తే పక్కకు జరిగి, వారి వెనుక ఖాళీని కాపాడే వినయం కూడా ఇవ్వాలి.

మూడు మాటలు అడుగుతాను. మొదటిది, ఏ ఉద్యోగంలో చేరినా మీ పని ఏమిటో తెలుసుకున్న రోజే పక్కవారి పని ఏమిటో కూడా అడిగి తెలుసుకోండి. రెండోది, పని చెడిన రోజు ముందు దాన్ని సరిదిద్దండి, తప్పు ఎవరిదన్న విచారణ తర్వాత పెట్టుకోండి. మూడోది, మెప్పు దక్కిన రోజు మీతో నిలబడినవారి పేరును పదిమందిలో పలకండి. ఆ అలవాటును ఈరోజే మొదలుపెట్టండి. ఈ సభ ముగిశాక మీకు పాఠం చెప్పిన గురువుల దగ్గరికి, మీ కోసం ఎవరితోనో గొడవపడిన తల్లిదండ్రుల దగ్గరికి, పరీక్ష ముందు రాత్రి మీతో మేలుకున్న స్నేహితుల దగ్గరికి వెళ్లి, ఈ పట్టాలో వారి వాటా ఎంతో మీ నోటితో చెప్పండి.

మీరు చేసే పని మీకు పేరు తేవాలి, మీ పక్కవారికి బలం ఇవ్వాలి, ఈ నేలకు మేలు చేయాలి.