మన లెక్క మన చేతిలో ఉండాలి
(మిన్నీ బేలో తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



వేతన సవరణ, కరవు భత్యం, పింఛను వంటి విషయాలపై మాట్లాడుట మాకు అలవాటు. నేడు మిన్నీ బేలో మీ ముందు ఇంటి జమాఖర్చుల లెక్కను గురించి మాట్లాడదలచినాము. ఇది చిన్న విషయమని ఎవరూ భావించరాదు. ఎందుకో ఒక అనుభవం చెప్పెదము.

కొన్నేళ్ళ క్రితం పదవీ విరమణకు చేరువైన ఒక సోదరుడు మా వద్దకు వచ్చినారు. ప్రధాన భూభాగం నుండి ఈ దీవులకు బదిలీ అయిన ఏడాదిలో ఆయన భవిష్య నిధి చందాలు నాలుగు నెలలవి జమ కాలేదు. ఆధారమేమున్నదని కార్యాలయం అడిగినది. ఆయన ప్రతి నెలా జీతపు చీటీ చూచి, మినహాయింపులన్నీ మైక్రోసాఫ్ట్ మనీ అనే ప్రోగ్రాములో వ్రాసుకున్న మనిషి. అయితే ఆ యంత్రం చెడిపోయినది. కొత్త యంత్రంలో ఆ ఫైలు తెరుచుకోలేదు. రెండు వారాలు శ్రమించి తెరిచిన పిమ్మట, తప్పిపోయిన నెలలేవో నిమిషాలలో తేలినది. ఆ నెలల జీతపు చీటీలు వెదకి సమర్పించినాము; సొమ్ము జమ పడినది.

లెక్క వ్రాయుట ఒక్కటే చాలదు, అది ఎప్పుడు కావలసినా తెరుచుకోవలెనన్నదే మేము నేర్చిన పాఠము.

1991లో వెలువడిన ఆ ప్రోగ్రాము అమ్మకం 2009 జూన్ 30తో ముగిసినది. 2010లో దాని తుది రూపమును ఉచితంగా విడుదల చేసినారు. మన సోదరుని ఫైలు తెరుచుకున్నది దానితోనే. 2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమగువరకు ఈ దీవులు ఉపగ్రహ సంబంధంపైననే ఆధారపడినవి. కావున లెక్కను సొంత యంత్రంలో ఉంచుకొనుట నాడు వివేకమే. కాని అమ్మకం ఆగిన ప్రోగ్రామును నమ్మి, ముప్పై ఏళ్ళ సేవకు సంబంధించిన లెక్కను దానికే వదలివేయుట వివేకం కాదు.

అట్టి ఫైళ్ళున్నవారు సులభమైన చెక్కుబుక్కు ప్రోగ్రాముకు మారవలెనని మా సలహా. తేదీ, ఎవరికి, ఎంత, మిగిలిన నిల్వ ఎంత — మన పాసుపుస్తకం వలె ఈ నాలుగు గడులుంటే జీతగానికి చాలును.

మార్చు విధానం తపాలా సోదరులకు కొత్త కాదు. లెడ్జర్ల నుండి సంచయ్ పోస్టుకు, 2013 నుండి క్రమంగా ఫినాకిల్‌కు పొదుపు ఖాతాలను మార్చినవారు మీరే. నిల్వ సరిచూడనిదే ముందుకు పోరాదన్న సూత్రమే ఇక్కడను వర్తించును.

మొదట, పాత ఫైలుకు నకలు తీసి, పాస్‌వర్డు తొలగించండి. తరువాత ఒక్కొక్క ఖాతాను క్యూఐఎఫ్ రూపంలో బయటకు తీయండి. అది సాదా అక్షరాల ఫైలు. ఏ యంత్రంలోనైనా చదువవచ్చును. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగును, మేమును చేసినాము. 3/4 అని ఉంటే మనకు ఏప్రిల్ 3. అమెరికా పద్ధతి ప్రోగ్రాముకు మార్చి 4. తేదీ 12 దాటిన పద్దులు చూచి ఏ పద్ధతియో నిర్ధారించుకొనండి. రెండవది, పొదుపు ఖాతా నుండి రికరింగ్ డిపాజిట్‌కు మార్చిన 500 రూపాయలు రెండు ఖాతాల ఫైళ్ళలోను ఉండును. రెంటినీ ఎక్కించినప్పుడు అదే మార్పు రెండుసార్లు నమోదు కావచ్చును. అందుచేత ప్రతి ఏటి మార్చి 31 నాటి నిల్వను పాసుపుస్తకంతో సరిచూడండి.

అప్పుల వాయిదాల పట్టికలు, పెట్టుబడుల వివరాలు సులభ ప్రోగ్రాములోనికి సరిగా రావు. వాటిని ముద్రించి భద్రపరచి, నేటి నిల్వను మాత్రమే కొత్త లెక్కలో ప్రారంభ నిల్వగా వ్రాయండి. పాతవన్నీ మార్చితీరవలెనని పట్టుబట్టనవసరం లేదు. అయితే భవిష్య నిధి, తపాలా జీవిత బీమా, సహకార సంఘపు అప్పు, ఈ మూడింటి పద్దులు మాత్రం ఒక్కటియు జారిపోరాదు. రైల్వే సోదరులకును ఇదే విజ్ఞప్తి. బదిలీలు మీకును కలవు, చందా కోతలును కలవు.

ప్రోగ్రాములోని పద్దు దారి చూపునే గాని, కార్యాలయం ముందు సాక్ష్యం పలుకునది జీతపు చీటీయే. దానిని పారవేయకండి.

2004 డిసెంబరు 26 నాటి సునామీని ఈ దీవుల వారికి మేము వర్ణించనక్కరలేదు. పెట్టెలతో పాటు కాగితాలును సముద్రం పాలైన కుటుంబాలు మీకు తెలిసినవే. ఒక నకలు ఇంట, మరొకటి శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉన్న అయినవారి వద్ద ఉంచండి. ఆ లెక్క ఎక్కడున్నదో, ఎట్లు తెరువవలెనో భార్యకు లేక భర్తకు, ఎదిగిన పిల్లలకు కూర్చోబెట్టి చూపండి. మనం లేనినాడు కుటుంబ పింఛను కొరకు కార్యాలయపు మెట్లెక్కవలసినది వారే.

మన హక్కు కొరకు యూనియన్ పోరాడును. కాని ఏ నెల, ఎంత అని చెప్పగలిగినది మీరొక్కరే. ఈ ఆదివారమే ఆ పాత ఫైలు తెరవండి. తెరుచుకోకపోతే మా వద్దకు రండి. కలసి కూర్చుని తెరుద్దాము.