చుట్టూ వరద, బిందెల చుక్క లేదు



2025 ఆగస్టు 27, 28 తారీఖులు మీకు యాదికే ఉంటయి. మన కామారెడ్డి జిల్లా ఆర్గొండల ఒక్క రోజుల 40 సెంటీమీటర్లకు పైగా వాన పడ్డది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది. పోచారం ప్రాజెక్టు తెగుతదేమోనని కింది ఊర్లు భయపడ్డయి.

అందరు నీళ్లు ఎక్కువైన సంగతే మాట్లాడిన్రు. నేను నీళ్లు లేకుండా పోయే సంగతి మాట్లాడుత.

మిషన్ భగీరథ నీళ్లు రావాలంటే ఎక్కడో ఒక తాన మోటర్లు నడవాలె. బోరు కూడా అంతే. కరెంటు పోయిందంటే రెండూ బంద్ కావచ్చు. నిజాంసాగర్ కట్టి 90 ఏండ్లు దాటింది. ప్రాజెక్టు పక్కన ఉన్నమన్న పేరే గని తాగే నీళ్లకు మనమూ మోటరు మీదనే ఆధారం. అప్పుడు బిందె పట్టుకొని వాగు దిక్కు పోయేది ఎవరు? మన తల్లులే. ఆ బురద నీళ్లు తాగి వాంతులు, విరేచనాలు అయితే దవాఖానకు పోయే తొవ్వ కూడా ఉండదు.

ఒక లెక్క చెప్త. తాగనీకి, వండనీకి మనిషికి రోజుకు 3 లీటర్లు. తండాల 500 మంది ఉంటే మూడు రోజులకు 4,500 లీటర్లు. అంటే ఐదు వేల లీటర్ల సింటెక్స్ ట్యాంకు ఒక్కటి, అంతే! ఎత్తు గద్దె మీద పెట్టి కింద నల్లా బిగిస్తే మోటరుతో పని లేదు. వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజే నింపి మూత పెట్టాలె. మూలకు పడ్డ చేతిపంపును ఇప్పుడే బాగు చేయించుండ్రి. కానీ వరద నీళ్లు దాన్ని ముంచితే, క్లోరిన్ కొట్టించి పరీక్ష చేయించేదాక ఆ నీళ్లు తాగొద్దు.

ఇగ సోలారు. చిన్న ప్లేటుతో బోరు మోటరు నడుస్తదని ఎవరన్న అంటే నమ్మకుండ్రి. ఒక్క హెచ్‌పీ మోటరుకే సుమారు 750 వాట్లు కావాలె, చాలు అయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ గుంజుతది. మనకు కావాల్సింది వెలుతురు, ఫోను. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీల సగమే వాడుకున్నా, 9 వాట్ల బల్బులు నాలుగు ఐదు గంటలు వెలిగి, ఇరవై ఫోన్ల దాక చార్జ్ అయితయి. ముసురుల ప్లేటు శానా తక్కువ ఇస్తది, అందుకే వానకు ముందే బ్యాటరీ నిండుగ ఉండాలె. బ్యాటరీని నేల మీద పెట్టకుండ్రి, అటక మీద పెట్టుండ్రి. సోలార్ వీధి దీపాలు పెట్టినంక ఎవరూ చూడక బ్యాటరీ చచ్చి దిష్టిబొమ్మల్లెక్క నిలబడుడు మనం చూసినదే గదా. అందుకే ఒక పిలగాడు, ఒక పిల్ల – ఇద్దరి పేర్లు రాసి పెట్టుకోండ్రి. తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలె.

పైసలు ఎక్కడివి అంటరు. మనది షెడ్యూల్డ్ ఏరియా కాదు. కానీ 2018 పంచాయతీరాజ్ చట్టంతోని శానా తండాలు పంచాయతీలైనయి. 15వ ఆర్థిక సంఘం నిధులల్ల 60 శాతం తాగునీళ్లకు, పారిశుధ్యానికే అని షరతు ఉండె. మన తండాల ఆ పైసలు దేనికి పెట్టిన్రో గ్రామసభల అడుగుండ్రి. లెక్క చూపించమనుండ్రి. ట్యాంకు, సోలారు మీద తీర్మానం రాయించి, సంతకాలు అయినంక నకలు తీసుకొనే బయటికి రాండ్రి. తీర్మానం కాయితం ఫోటో మన గ్రూపుల పెట్టుండ్రి, పక్క తండా వాళ్లకు నమూనా అయితది.