ఆలయద్వారం అందరిదీ

(మహాకుంభాభిషేక మహోత్సవ ధర్మసభలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రీహరి నామాన్ని తన పేరులోనే ధరించిన ఈ ద్వీపంలో, జీర్ణించిన ఆలయం తిరిగి నూతన కాంతితో నిలిచింది. యాగశాలలో పూజలందుకొన్న కలశజలాలతో శిఖరాభిషేకం జరిగింది. మీలో కొందరు లక్షలు సమర్పించారు. కొందరు ఒక్క ఇటుక వెల ఇచ్చారు. మరికొందరు రెక్కల కష్టాన్నే కానుకగా ఇచ్చారు. స్వామి లెక్కలో వీటికి తారతమ్యం లేదు. ఈ శుభవేళ మీ ముందు ఒక్క ప్రశ్న ఉంచదలచాను. గోడల బీటలు పూడ్చుకొన్నాము. మనుషుల మధ్య ఏర్పడిన బీటలను పూడ్చేదెవరు?

పరమతాన్ని గౌరవించడం మనకు ఎవరో క్రొత్తగా నేర్పవలసిన విషయం కాదు. తిరుమలలో మంగళవారంనాడు జరిగే అష్టదళ పాదపద్మారాధనను తలచుకోండి. 1984లో ప్రారంభమైన ఆ సేవకు 108 బంగారు పద్మాలను సమర్పించినది గుంటూరుకు చెందిన ఒక ముస్లిం భక్తుడు. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లిం కుటుంబాలు వేంకటేశ్వరుని దర్శిస్తాయి. బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడబిడ్డగా, స్వామిని తమ అల్లునిగా భావించే సంప్రదాయం వారిది. నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద మొహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగకు హిందువులు పెద్దసంఖ్యలో వెళతారు. కోరిక తీరినవారు స్వర్ణాల చెరువులో నిలిచి రొట్టె ఇస్తే, కోరిక గలవారు అందుకొంటారు. ఇచ్చేవారి మతమేదని పుచ్చుకొనేవారు అడుగరు.

ఈ ద్వీపం నుండి నింగికెగసే రాకెట్ల చరిత్రకు కూడా ఇటువంటి ఔదార్యమే పునాది. శ్రీహరికోటకు ముందు కేరళలోని తుంబాలో రాకెట్ కేంద్రం ఏర్పడింది. అందుకు కావలసిన స్థలంలో మేరీ మాగ్దలీన్ చర్చి, దానిని ఆశ్రయించుకొన్న మత్స్యకారుల ఇళ్లు ఉండేవి. విక్రమ్ సారాభాయ్ వెళ్లి అర్థించగా, బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా ఆ విషయాన్ని తమ విశ్వాసుల ముందుంచారు. వారు సమ్మతించారు. 1963 నవంబరు 21న తొలి రాకెట్ అక్కడినుండి లేచింది. తమ ప్రార్థనాస్థలాన్ని దేశంకోసం ఇచ్చినవారి త్యాగాన్ని ఏ మతస్థుడైనా నమస్కరించి స్మరించవలసిందే.

ఆ తుంబాలో పనిచేసిన అబ్దుల్ కలాం గారే 1980 జూలై 18న ఇక్కడినుండి ఎస్.ఎల్.వి.-3 ద్వారా రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చిన బృందానికి నాయకులు. ఆయన తమ ఆత్మకథలో బాల్యంనాటి సంఘటన ఒకటి చెప్పారు. రామేశ్వరంలో ఐదవ తరగతి చదివేవేళ ఆయన ఒక అర్చకుని కుమారుని ప్రక్కన ముందు వరుసలో కూర్చునేవారు. క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు, ముస్లిం బాలుడు అక్కడ కూర్చోరాదని వెనుకకు పంపాడు. ఆ సంగతి తెలిసిన ప్రధానార్చకులు పక్షి లక్ష్మణశాస్త్రి గారు ఆ ఉపాధ్యాయుని పిలిపించి, పసివారి మనస్సులలో విషం నాటవద్దని మందలించారు. ఆయన తప్పు తెలుసుకొన్నాడు.

చదువరులారా, ఇందులోని ధర్మసూక్ష్మాన్ని గమనించండి. శాస్త్రిగారు తమ మనస్సులో ద్వేషం లేకుంటే చాలునని ఊరుకోలేదు. అన్యాయం తమ బిడ్డకు జరుగకపోయినా అడ్డుపడ్డారు. సహనం అంటే ఇతరులను భరించడం మాత్రమే కాదు. ఇతరునికి అవమానం జరిగినప్పుడు అది నాకు జరిగిందని భావించడం. మతసామరస్యం, సామాజిక న్యాయం ఒకే ధర్మానికి రెండు కన్నులు.

ఈ మాట చెప్పుకొన్నాక మన ముంగిటివైపే చూడాలి. పులికాట్ సరస్సును, ఈ అడవిని నమ్ముకొని తరతరాలుగా బ్రతికినవారు యానాదులు. బ్రిటిష్ పాలనలో వారిపై నేరస్థ జాతి అనే ముద్ర పడింది. నెల్లూరు సీమకు చెందిన గాంధేయవాది వెన్నెలకంటి రాఘవయ్య గారు ఆ ముద్రను తుడిచివేయడానికి జీవితాన్ని ధారపోశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. 1969లో ఈ ద్వీపం రాకెట్ కేంద్రానికి ఎంపికైన తరువాత అనేక కుటుంబాలు తమ నివాసాలను విడిచి వెళ్లాయి. తుంబా చర్చి త్యాగం గ్రంథాలకెక్కింది. మన పొరుగున ఉన్న ఈ నిరుపేదల త్యాగాన్ని మనమెన్నిసార్లు తలచుకొన్నాము?

1947లో, ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, ఆలయప్రవేశ చట్టం వచ్చింది. చట్టం ద్వారాన్ని తెరిచింది. లోనికి రమ్మని చేయిపట్టి పిలవడం చట్టంవల్ల కాదు, మనవల్లే కావాలి.

అందుచేత దాతలైన మీకు మూడు విన్నపాలు. మొదటిది: అన్నదానంలో అందరికీ ఒకే పంక్తి, ఒకే విస్తరి ఉండాలి. మిగిలినది పెట్టడం దానం కాదు, కలిసి భుజించడమే ప్రసాదం. రెండవది: కుల, జనన ధ్రువపత్రాలు లేక బడికి, ప్రభుత్వ సహాయానికి దూరమైన బిడ్డ కనబడితే, మీలో ఒకరు వెంటబెట్టుకొని కార్యాలయానికి వెళ్లండి. అప్పు పేరుతో వెట్టిచాకిరిలో చిక్కినవారు కనబడితే మౌనం వహించకండి. 1976 నుండి వెట్టిని నిషేధించిన చట్టం ఉన్నది. మూడవది: వచ్చే ఉత్సవానికి పొరుగు మసీదు, చర్చి పెద్దలను ఆహ్వానించండి. యానాది వృద్ధులకు సభలో ముందు వరుసలో ఆసనం ఇవ్వండి. ఆనాడు రామేశ్వరంలో వెనుకకు పంపబడిన బాలుని స్థానం ఎక్కడిదో మరచిపోకండి.

శిఖరంపై పోసిన జలం శిఖరంమీదనే నిలువదు. అది క్రిందికి జారి, గోడలను తడిపి, నేలకు చేరుతుంది. ఈ ఆలయ పునరుద్ధరణ పుణ్యం కూడా ఆ విధంగానే అట్టడుగున ఉన్నవారి వరకూ చేరుగాక! మీకూ, మీ కుటుంబాలకూ, సకల మతాలవారికీ స్వామి ఆయురారోగ్య ఐశ్వర్యాలను ప్రసాదించుగాక!

శుభమస్తు.